పండించే ఇల్లే పప్పు కొనుక్కుంటోంది

(మండల మహిళా రైతుల సదస్సులో మహిళా రైతుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ సదస్సులో మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాం. "మీ ఇష్టం, మహిళల సమస్యలేవైనా చెప్పండి" అన్నారు. మేము ఐదారుగురం కూర్చుని ఆలోచించాం. మద్దతు ధర గురించి, పంట బీమా గురించి, బ్యాంకు రుణాల గురించి మన సంఘంలో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పొయ్యి దగ్గర సంగతి మాత్రం ఒక్క మహాసభ తీర్మానంలోనూ రాదు. అది ఇంటి విషయం, ఆడవాళ్ల విషయం అని పక్కన పెట్టేస్తాం. ఈరోజు ఆ పక్కన పెట్టిన విషయమే మాట్లాడదలచుకున్నాం. మన ఇళ్లలో ఏం వండుకుంటున్నాం, అది ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు ఎంత తింటున్నారు అన్నది కూడా వ్యవసాయ సమస్యే. అదే మా ప్రసంగం సారాంశం.

జనవరిలో అమ్మకం, జులైలో కొనుగోలు

మాది అనంతపురం జిల్లా వర్షాధార ప్రాంతం. ఎర్ర నేలలు. ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఒకప్పుడు ఎటు చూసినా వేరుశనగే. ఈమధ్య దాని బదులు కంది పెరిగింది. మా బృందంలోని ఒకామె ఇంట్లో జరిగినది చెబుతాం. మనందరి ఇళ్లలోనూ జరిగేదే కాబట్టి ఎవరి ఇల్లని చెప్పనక్కర్లేదు.

సంక్రాంతి దాటాక కంది కొట్టారు. కల్లంలో ఉన్న కందులన్నీ మూటలకెత్తి నేరుగా యార్డుకు పంపారు. మందుల అంగడి బాకీ, చిల్లర అంగడి బాకీ, ట్రాక్టరు బాడుగ అన్నీ ఆ వారంలోనే అడిగారు. ఇంటికి మిగిలినది గంపెడు కందులు. అవి ఉగాది దాటలేదు. జులైలో, మళ్లీ విత్తనం వేసే రోజుల్లో, ఆమె అంగడికి పోయి కిలో కందిపప్పు అరువు తెచ్చుకుంది. ఆ పప్పు ఎవరి చేనుదో ఎవరు చెప్పగలరు? మా చేనుదే అయినా కావచ్చు. యార్డు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి నగరానికి, నగరం నుంచి మళ్లీ మా ఊరి అంగడికి వచ్చి ఉండవచ్చు. ఆ దారిలో ఉన్నవాళ్లందరికీ ఎంతో కొంత మిగిలింది. విత్తినవాళ్లకు మాత్రం బాకీ పుస్తకంలో ఇంకో గీత పడింది.

ఆమెను మేము అడిగాం. నెలకు ఎంత పప్పు కొంటావు అని. మూడు కిలోలు అంది. ఇంట్లో ఐదుగురు. అత్త, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మూడు కిలోలంటే రోజుకు వంద గ్రాములు. మనిషికి ఇరవై గ్రాములు. గుప్పెడు కూడా కాదు. అందులోనే పొద్దున పప్పు, రాత్రికి చారు. మరి కందులు ఇంట్లో ఉన్న మూడు నెలలూ ఎంత వండేవని అడిగాం. "కొలత ఎక్కడ వదినా, చేతికి వచ్చినంత" అంది. ఆలోచించి చెప్పమంటే, రోజుకు పావు కిలోకు తక్కువ ఉండదని తేలింది.

అక్కలారా, ఈ తేడా మనకు తెలియనిది కాదు. చేటలో ఉన్న పప్పుకు చెయ్యి ధారాళంగా పోతుంది. పొట్లంలో ఉన్న పప్పు దగ్గర చెయ్యి వెనక్కి లాగుతుంది. ధర పడిపోయిన సంవత్సరం, వాన రాని సంవత్సరం పత్రికలో ఎలాగూ రాస్తారు. మా ఇళ్లలో అది ముందుగా పప్పు గిన్నెలోనే తెలుస్తుంది. పప్పు పలచబడుతుంది, చారు నీళ్లవుతుంది. కూలీలకు, మగవాళ్లకు, పిల్లలకు పెట్టాక అడుగున మిగిలిన నీళ్లు వండినామెకు మిగులుతాయి.

లెక్క వేసి చూద్దాం

మన సంఘంలో లెక్క లేకుండా మాట్లాడితే ఎవరూ వినరు. అందుకని మేమూ లెక్క వేశాం.

ఐదుగురున్న ఇంటికి రోజుకు పావు కిలో పప్పు కావాలనుకుందాం. ఏడాదికి 91 కిలోలు. క్వింటాలు కందులు పప్పు చేస్తే సుమారు 70 కిలోలు వస్తుంది. మిగిలిన పొట్టు, నూక గొడ్లకు పోతుంది. అంటే 91 కిలోల పప్పుకు 130 కిలోల కందులు కావాలి. ఎకరాకు రెండు మూడు క్వింటాళ్లు పండే వర్షాధారపు చేలో అది అర ఎకరం పంట.

2025–26 ఖరీఫ్‌కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ లెక్కన 130 కిలోల విలువ 10,400. ఇప్పుడు మగవాళ్లు అడిగే ప్రశ్న మేమే అడుగుతాం. "అప్పు నెత్తిమీద ఉండగా కందులు ఇంట్లో దాచుకుంటే వడ్డీ ఎవరు కడతారు?" న్యాయమైన ప్రశ్నే. నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకుందాం. కందులు నెలనెలా తగ్గిపోతూ ఉంటాయి కాబట్టి సగటున సగం సరుకు మీదే వడ్డీ పడుతుంది. ఏడాదికి సుమారు 1,250 రూపాయలు. మొత్తం 11,650.

అదే 91 కిలోల పప్పు అంగట్లో కొంటే? కిలో 160 ఉన్న సంవత్సరం 14,560 అవుతుంది. అంటే ఇంట్లో పెట్టుకున్నందుకు దాదాపు మూడు వేలు మిగిలినట్టు. 2015లో కిలో కందిపప్పు 200 దాకా పోయింది గుర్తుందా? ఆ ధరకైతే 18,200. కానీ కిలో 120 ఉన్న సంవత్సరం 10,920కే వస్తుంది. ఆ ఏడాది దాచుకున్న ఇంటికి ఏడెనిమిది వందల నష్టం. ఇది దాచిపెట్టి మీకు చెప్పడం మాకిష్టం లేదు. కొన్నేళ్లు లాభం, కొన్నేళ్లు కొద్దిపాటి నష్టం.

కానీ ఈ లెక్క మొత్తంలో ఒక అబద్ధముంది. అంగట్లో కొనే ఇల్లు 91 కిలోలు కొనదు. నెలకు మూడు కిలోల చొప్పున 36 కిలోలే కొంటుంది. మిగిలిన 55 కిలోలు తినడమే మానేస్తుంది. డబ్బు లెక్కలో ఆ ఇల్లు "పొదుపు" చేసినట్టు కనిపిస్తుంది. ఆ పొదుపు ఎవరి ఒంట్లోంచి జరిగిందో చూడాలంటే ఆసుపత్రి చీటీ చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6 శాతం. వందమంది ఆడవాళ్లలో యాభై ఏడెనిమిది మంది. ఈ సభలో వరుసలు లెక్కపెట్టుకోండి. రక్తహీనతకు పప్పు ఒక్కటే కారణమని మేము అనడం లేదు. ఆకుకూర, గుడ్డు, పాలు, కాన్పులు, నులిపురుగులు అన్నీ ఉన్నాయి. కానీ అందులో సగం మన కంచంలోనే ఉన్నాయి కదా.

వెనకటి కాలం బంగారం కాదు

ఈ మాట మాట్లాడగానే కొందరు పెద్దలు, "మా కాలంలో అన్నీ ఇంట్లోనే పండేవి, రోగాలే లేవు" అంటారు. మేము దానికి ఒప్పుకోం. మా అత్తల నోటి నుంచి విన్నది వేరు.

అవును, అప్పుడు చేలో కొర్ర, సజ్జ, జొన్న, రాగి ఉండేవి. వేరుశనగ సాళ్ల మధ్య కంది, అలసంద, అనుములు, ఆముదం సాళ్లు ఉండేవి. పాతరలో జొన్నలు, కుండల్లో పప్పులు ఉండేవి. కానీ అవన్నీ భూమి ఉన్న ఇళ్లలో. భూమి లేని ఇళ్లలో గింజల కూలి. ఆ గింజలు కొలిచే చెయ్యి ఎవరిదో, ఆ కొలత ఎప్పుడు తగ్గేదో వాళ్లకు తెలుసు. ఇక కొర్రలు దంచడం, జొన్నలు విసరడం ఎవరి పని? తెల్లవారుజామున మూడు గంటలకు లేచి రోకలి పట్టిన కోడళ్ల పని. కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, రోజుల తరబడి ఎండబెట్టి, విసుర్రాయిలో వేసి, చెరిగి పప్పు చేయడం ఎవరి పని? చంకలో బిడ్డతో ఆ పని చేసినవాళ్లు దాన్ని స్వర్ణయుగం అనరు.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు మా అత్తలు ఊపిరి పీల్చుకున్నారు. రోకలి మూలన పడింది. కరువు సంవత్సరం కూడా కుండ పొయ్యి మీదికెక్కింది. రేషన్ బియ్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అది లేకపోతే ఏమవుతుందో కరోనా రోజుల్లో అందరం చూశాం.

అయితే బియ్యం వచ్చాక ఒకటి జరిగింది. తిండికి బియ్యం ఉంది కదా అని చేనంతా అమ్మకపు పంటకిచ్చేశాం. అనంతపురం జిల్లాలో ఒక్క వేరుశనగే ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేసిన సంవత్సరాలున్నాయి. చేలోంచి కొర్ర పోయింది, రాగి మడి పోయింది, సాళ్ల మధ్య అలసంద పోయింది. అలసంద కోసుకునే ఇల్లు అలసంద కొనదు, తినడమే మానేస్తుంది. కంచంలో అన్నం పెరిగింది, అన్నం పక్కనున్నవన్నీ తగ్గాయి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా కష్టమే. సజ్జల్లో ఉండే ఇనుము బియ్యంలో ఉన్నదానికి ఎనిమిది పది రెట్లు. ఇంట్లో సంగటి మానేసి అన్నం తిన్నప్పుడు కడుపు నిండింది, మోకాలు అరిగింది.

కలుపు మందు – కూర

ఇంకో విషయం. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు గానీ మనందరికీ తెలుసు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం ఒడిలో ఆకు తెచ్చుకునేవాళ్లు. గంగపాయలాకు, గలిజేరు, పొన్నగంటి, చెంచలాకు, అడవి తోటకూర. విత్తకుండా, నీళ్లు పెట్టకుండా వచ్చిన కూర. దానికి పప్పు కలిస్తే ఆ పూట గడిచిపోయేది.

ఇప్పుడు కలుపు మందు కొడుతున్నాం. కూలీలు దొరకడం లేదు, కూలి రేట్లు గిట్టడం లేదు, అందుకే కొడుతున్నాం. రైతును తప్పు పట్టడం లేదు, మేమూ రైతులమే. కానీ లెక్కలో కూలి డబ్బు మిగిలిందని రాసుకున్నప్పుడు, కలుపు తీసే ఆడవాళ్ల కూలీ పోయిందనీ, రెండిళ్ల కూర కూడా పోయిందనీ రాసుకోవాలి. మందు కొట్టిన చేలో వారం తర్వాత మిగిలిన ఆకు కోసుకోవడానికి భయం. కాబట్టి కూర కూడా కొంటున్నాం. ఇరవై రూపాయలకు నాలుగు కట్టలు. ఏ నీళ్లతో పెంచారో, ఏ మందు కొట్టారో తెలియని కట్టలు.

పాలు కూడా అంతే. రెండు బర్రెలున్న ఇంట్లో పాలన్నీ పొద్దునే కేంద్రానికి పోతాయి. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ డబ్బు మా చేతికి వచ్చే ఒకే ఒక్క డబ్బు. అందుకే ఒక్క గ్లాసు ఉంచుకోవడానికి కూడా మనసొప్పదు. టీలోకి ఉంచుకున్న పాలలో సగం నీళ్లు. పిల్లలకు పాలు లేవు గానీ ఐదు రూపాయల చిప్స్ పొట్లం ఉంది. మేము పిల్లల్ని, తల్లుల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పొద్దున ఆరింటికి కూలికి పోయే తల్లి దగ్గర చిల్లర ఉంటుంది, వండే సమయం ఉండదు.

నూనె లెక్క వేరు

పప్పు దాచుకోమన్నంత సులువుగా నూనె పట్టించుకోమని చెప్పలేం. లెక్క చూడండి. క్వింటాలు వేరుశనగ కాయలు వలిస్తే సుమారు 70 కిలోల గింజలు. గానుగకు పోస్తే అటూ ఇటూగా 28 కిలోల నూనె. 2025–26 మద్దతు ధర 7,263. చెక్క అమ్మగా వచ్చిన డబ్బు తీసేసినా కిలో నూనె రెండు వందలకు తక్కువ పడదు. అంగట్లో పామాయిల్ పొట్లం అందులో మూడింట రెండు వంతుల ధరకే దొరుకుతుంది. వేరుశనగ పండించే ఇల్లు పామాయిల్‌తో తాలింపు పెట్టుకోవడానికి కారణం ఇదే. మాకు రుచి తెలియక కాదు.

ఆ పామాయిల్ ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి. మన దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. నూనెగింజల రైతులకు మంచి రోజులొచ్చాయన్నారు. 2025 మే చివరిలో, సరిగ్గా మనం వేరుశనగ విత్తనాల కోసం తిరిగే రోజుల్లో, దాన్ని పది శాతానికి తగ్గించింది. కందులదీ అదే కథ. 2021 మే నుంచి కంది దిగుమతికి గేట్లు తెరిచి పెట్టారు, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. పప్పు ధర పెరిగితే పట్నంలో కొనేవాళ్లకు కష్టమే, ఒప్పుకుంటాం. పల్లెలో మేమూ కొనేవాళ్లమే! పప్పు ధర తగ్గితే అమ్మేటప్పుడు నష్టం, పెరిగితే కొనేటప్పుడు నష్టం. రెండు వైపులా దెబ్బ తినేది చిన్న రైతు ఇల్లే. ఈ ఒక్క సంగతి వల్లే మా వంటింటి మాట మీ దిగుమతి సుంకాల తీర్మానంలో ఉండాలంటున్నాం.

లెక్కలోకి రాని పని

మద్దతు ధర లెక్కల్లో ఎ2, ఎఫ్ఎల్, సి2 అని ఉంటాయని మన సంఘం తరగతుల్లో నేర్చుకున్నాం. ఎ2 అంటే రైతు పెట్టిన ఖర్చులు. ఎఫ్ఎల్ అంటే ఇంటి మనుషుల శ్రమకు కట్టిన విలువ. సి2లో సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేరతాయి. సి2కి యాభై శాతం కలిపి ధర ఇవ్వాలని పోరాడుతున్నాం. ఆ పోరాటంలో మేమూ జెండా పట్టుకున్నాం, ఇకముందూ పట్టుకుంటాం.

కానీ ఒక ప్రశ్న. కోత రోజుల్లో పదిమంది కూలీలకు వండి, చేనికి మోసుకుపోయి, వడ్డించి, గిన్నెలు తోమిన పని ఏ లెక్కలో ఉంది? చేలో మేము గడిపిన గంటలు ఎఫ్ఎల్‌లో కొన్నైనా పడతాయి. పొయ్యి దగ్గర గడిపిన గంటలు పడవు. ఆ పొయ్యి వెలగకపోతే కోత సాగదు. పాసుపుస్తకంలో పేరు లేదు, ఖర్చు లెక్కలో పని లేదు, పప్పు గిన్నెలో అడుగు మాత్రం మాది.

ఇంకో చిన్న సంగతి చెబుతాం, చాలామందికి తెలియదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్కగట్టేటప్పుడు పంట రుణానికి అదనంగా పది శాతం కోత తర్వాతి ఖర్చులు, ఇంటి అవసరాలు, వినియోగం కోసం కలపాలని నిబంధన ఉంది. అంటే రైతు ఇల్లు తినకుండా సేద్యం చేయలేదని బ్యాంకు నిబంధన రాసినవాళ్లకు కూడా తెలుసు. మన ఇళ్లలోనే తెలియనట్టు నటిస్తున్నాం. ఇక కౌలు రైతులకు ఆ కార్డే అందదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకునే యజమాని ఎంతమంది? కౌలు డబ్బు ముందే కట్టినవాళ్లు చేలో రెండు సాళ్లు ఇంటికి వేసుకోమంటే ఎలా వేసుకుంటారు? ఆ రెండు సాళ్ల చోటు కూడా వాళ్లకు కౌలుకిచ్చిందే. కాబట్టి ఇంటి తిండి సమస్య చివరికి కౌలు సమస్య దగ్గరికే వస్తుంది.

మేము కోరేది

ఇంట్లో చేయవలసినవి ముందు చెబుతాం. అవి మన చేతిలో ఉన్నవి.

ఒకటి. కల్లంలోంచి మూటలు బండెక్కే ముందు ఇంటి పప్పు పక్కకు తీయాలి. మొత్తం 130 కిలోలు కుదరకపోతే ఆరు నెలలకైనా తీయాలి. బాగా ఎండబెట్టి, కొద్దిగా ఆముదం పట్టించి, వేపాకు వేసి దాచుకునే పద్ధతి మన పెద్దవాళ్లకు తెలుసు. పుచ్చు పట్టకుండా ఉంటుంది. ఎంత ఉంచాలో ఇంటాయన ఒక్కడే నిర్ణయించకూడదు. వండే మనిషిని అడగాలి.

రెండు. చేలో నాలుగు సాళ్లు ఇంటికి. అలసంద, అనుములు, రాగి, గోగు, ఏదైనా సరే. అమ్మడానికి కాదు. ఆ నాలుగు సాళ్లలో కలుపు మందు వద్దు.

మూడు. ఊరికొక చిన్న పప్పు మిషను, కొర్రలు, సామలు పొట్టు తీసే మిషను. మళ్లీ రోకలి పట్టుకోమని మాకు ఎవరూ చెప్పొద్దు. చిరుధాన్యాలు మంచివని 2023లో ప్రపంచమంతా సంవత్సరం జరిపారు. పొట్టు తీసే పని సులువు చేయకుండా మంచివని చెబితే అది కోడళ్లకు ఇంకో గంట పని చెప్పినట్టే. సంఘం ఆధ్వర్యంలో గానీ, మహిళా సంఘాల ద్వారా గానీ మిషను పెట్టించుకోవాలి.

నాలుగు. అందరూ కలిసి తినాలి. వండినామె చివర తినే పద్ధతి పోవాలి. పప్పు పలచబడితే అందరి కంచంలోనూ సమానంగా పలచబడాలి. అప్పుడు గానీ ఇంట్లో అందరికీ అది సమస్యలా కనిపించదు.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసినవి. కందుల కొనుగోలు కేంద్రాలు పంట కల్లంలో ఉండగానే, జనవరి మొదట్లోనే తెరవాలి. అందరూ అమ్మేసుకున్నాక తెరిస్తే లాభం దళారికే. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాల మాట కూడా ఉంది. దాన్ని కాగితం మీద నుంచి రేషన్ అంగడికి తేవాలి. బియ్యం తగ్గించకుండా, దానికి తోడు రాగులు, జొన్నలు, కందిపప్పు, నూనె ఇవ్వాలి. పక్కనున్న కర్ణాటకలో రాగులు మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇస్తున్నారు. మన సరిహద్దు ఊళ్లవాళ్లు రోజూ చూస్తున్నదే. మన బడుల్లో 2023 నుంచి రాగి జావ మొదలుపెట్టారు. ఆ రాగులు, చిక్కీలోకి వేసే వేరుశనగ మన మండలాల్లోనే కొనాలి. అప్పుడు మన పిల్లవాడి గ్లాసులో జావ మన చేను నుంచే వస్తుంది, దానికి ధరా వస్తుంది. కౌలు రైతుకు యజమాని సంతకం లేకుండానే కార్డు, రుణం ఇవ్వాలి. కార్డు పరిమితిలో ఇంటి అవసరాల పది శాతం ప్రతి బ్యాంకూ లెక్క కట్టాలి.

చివరిగా ఒక పుస్తకం

మా బృందం ఒక పని మొదలుపెట్టింది. ఒక రూపాయి ఖర్చులేనిది. పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి పొయ్యి పక్కన గూట్లో పెట్టుకున్నాం. రోజూ రాత్రి రెండు గీతలు రాస్తున్నాం. ఈరోజు ఏం వండాం, అందులో మన చేను నుంచి వచ్చినదెంత, కొన్నదెంత, అరువు తెచ్చినదెంత. రాయడం రానివాళ్లకు ఎనిమిదో తరగతి పిల్ల రాసిపెడుతోంది. మొదటి నెల చూసుకున్నప్పుడు మాకు సిగ్గు వేసింది. ఆ నెలలో చేను నుంచి వచ్చినవి చింతపండు, కరివేపాకు, రెండుసార్లు మునగాకు. మిగిలినదంతా అంగడి. మేము రైతులమని చెప్పుకుంటున్నాం.

సిగ్గుపడి ఊరుకోవడానికి రాయడం లేదు. వచ్చే సంక్రాంతి దాకా ఈ పుస్తకాలు రాసి, మండల సంఘం ముందు పెడతాం. ఎకరాకు ఎంత పెట్టుబడి, ఎంత దిగుబడి అని మీరు లెక్కలు తెచ్చినట్టే, మేము ఇంటికి ఎంత పప్పు, ఎంత అరువు అని లెక్కలు తెస్తాం. రెండు లెక్కలూ ఒకే బల్ల మీద పెట్టి తీర్మానం రాద్దాం. ఇక్కడున్న ప్రతి ఊరి నుంచి కనీసం ఐదు ఇళ్లు ఈ పుస్తకం మొదలుపెట్టాలని కోరుతున్నాం. మగవాళ్లు రాసినా మాకు అభ్యంతరం లేదు. కాకపోతే రాసే ముందు ఆ పూట మీ ఇంటామె ఏం తిన్నదో అడిగి రాయండి.

దేశానికి అన్నం పెట్టేవాడు రైతు అని ప్రతి సభలో అంటాం, చప్పట్లు కొడతాం. ముందు రైతు ఇంట్లో పప్పు చిక్కగా ఉండాలి. అది అడగడం స్వార్థం కాదు. ఆ పప్పు చిక్కగా ఉన్న రోజున, మనం అడిగిన ధర మనకు వచ్చిందని అర్థం.

 మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించడానికి మగవాళ్లు పది మంది ముందుకు రావాలని మనవి. ఈరోజు మేము ముందు పంక్తిలో కూర్చుంటాం.